బతికున్న గేదె చావుకు వేలిముద్ర వేయను

రాయగడ పశుబీమా కచేరీ పెద్ద అధికారి గారి సముఖమునకు,
గుడారి నివాసి యజ్జల సూరమ్మ చెప్పి రాయించుకున్న అర్జీ.
12 ఆగస్టు 1984

అయ్యా,

విషయం: ఏజెంటు అప్పలనరసింహం రెండు గేదెల చెవిబిళ్ళలు తారుమారు చేసినందున, మా పొరుగింటి చిలకమ్మకు రావలసిన పరిహారం ఆమెకే ఇప్పించుట గురించి.

1. నేనూ చిలకమ్మా బ్యాంకు అప్పుతో చెరొక గేదెను కొన్నాము. బీమా ఉండాలన్నారు. ఏజెంటు కోసం నేనే వెతికాను. బిస్సమ్ కటక్ సంతలో మన తెలుగు మాట మాట్లాడేవాడు దొరికాడని సంబరపడి అప్పలనరసింహాన్ని ఇంటికి తెచ్చాను. జంకుతున్న చిలకమ్మను "నానున్నాను గదే" అని ఒప్పించినదీ నేనే.

2. సదరు ఏజెంటు మా పెరట్లో తన మనిషి చేత రెండు గేదెల చెవులకూ నంబరు బిళ్ళలు కొట్టించి, తాను మంచం దిగకుండా, టీ తాగుతూ, ఏది ఎవరిదని అడగకుండానే పేర్లు రాసుకున్నాడు. ఆ విధంగా చిలకమ్మ గేదె నా పేరునా, నా గేదె ఆమె పేరునా పడినవి. మా ఇద్దరికీ చదువు రాదు గనుక తెలియలేదు.

3. గత నెల వానలకు గొంతువాపు వచ్చి చిలకమ్మ గేదె చనిపోయినది. రూలు ప్రకారం పశువుల డాక్టరు బిళ్ళతో సహా చెవి కోసి పంపారు. అప్పుడు బయటపడింది, కచేరీ లెక్కలో చచ్చినది నా గేదెట! చిలకమ్మకు గేదె లేదు, పరిహారం లేదు, బ్యాంకు అప్పు మాత్రం ఉంది.

4. ఏజెంటును నిలదీయగా జరిగిన సంభాషణ, ఈ అర్జీ రాస్తున్న టీచరమ్మ వద్దన్నా, ఉన్నదున్నట్లు రాయించుచున్నాను.

"సూరమ్మత్తా, ఏలిముద్ర ఎయ్యి. డబ్బులు నీకే వత్తాయి. నీకేటి నట్టం?"

"రాటకాడ నెమరేత్తన్న గేదె సచ్చిందని ఎలాగెయ్యమంటావురా?"

"కాయితంలో సచ్చిపోనాది గదత్తా."

"అయితే ఆ కాయితానికే దినం పెట్టుకో. బోజనానికి నానొత్తాను."

5. అయ్యా, చూలుతో ఉన్న పశువు చచ్చిందని నా వేలితో నేను చెప్పను. ఆ డబ్బు తీసుకుని, రేపు చిలకమ్మ చూస్తుండగా దాని పాలు పితకలేను. నెల్లాళ్ళుగా కూర్చున్నచోట కూర్చోలేకున్నాను. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి గేదెను తడిమి చూసుకుంటున్నాను. ఇది రాయిస్తూ కూడా పెరట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. దానికి నొప్పులు మొదలైనవి.

6. కనుక మంచం దిగి, గేదె దాకా నడిచి, "ఇదెవులిది?" అని అడిగే ఏజెంటును మాకు పంపవలెను. పేర్లు సరిచేసి, పరిహారం చిలకమ్మకు ఇప్పించవలెను. "పరిశీలనలో ఉన్నది" అని మాత్రం జవాబు రాయవద్దు. రాస్తే గేదెను తోలుకొచ్చి తమ కచేరీ మెట్ల దగ్గర కట్టేస్తాను. గడ్డి ఖర్చు తమదే.

చిత్తగించి, కుర్చీలోంచి కదలవలెను.

తమ విధేయురాలు (ఈ మాట టీచరమ్మ పెట్టినది),
యజ్జల సూరమ్మ, వేలిముద్ర. దీనికైతే వేస్తున్నాను.
రాసినది: పుష్పకుమారి, టీచరు

తా.క.: గేదె ఈనినది. పెయ్యదూడ. మొదటి పాలతో జున్ను వండి, గిన్నెతో సహా చిలకమ్మ చేతికిచ్చి మొదటి బస్సుకు పంపుతున్నాను. ఇది లంచం కాదు, సాక్ష్యం. తమ లెక్కలో చచ్చిన గేదె జున్ను. రుచి చూసి తమరే తేల్చుకోండి. మా వీధిలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపము. తమరూ అందులో చిలకమ్మ పేరు రాసిన కాగితం పెట్టి పంపండి.