అందరికీ కలిసొచ్చే ఎదురు

కాకినాడ,
బుధవారం.

చెల్లి సత్యవతికి,

అక్క దీవెనలు. నువ్వూ మరిదిగారూ పిల్లలూ ఒంట్లో బాగుండి, వేళకి తింటూ ఉన్నారని తలుస్తాను. నేనూ మనవడు శీనూ బానే ఉన్నాం. నిజంగానే బానే ఉన్నాం, కంగారు పడకు. మోకాళ్ళ నొప్పి ఉంది కానీ అది అక్కడా ఉండేదేగా. మీ బావగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారో లేదో ఓసారి వెళ్ళి చూసి రా. ఫోన్లో అడిగితే వేసుకున్నానంటారు, ఆ మాట నేను నమ్మను.

ఫోను ఉండగా ఉత్తరం ఏంటి అనుకోకు. ఇక్కడ మాకున్నది ఒక గదీ వంటిల్లూ. నేనేం మాట్లాడినా శీను వింటాడు, గోడవతల ఇంటావిడ వరలక్ష్మి వింటుంది. ఈ మాటలు వాళ్ళిద్దరూ వినకూడనివి.

ఉక్కపోత చెప్పలేను. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని గాలి రాదేంటో. చేపలు తాజావే దొరుకుతాయి. ఏం వండినా శీను సగం కంచంలోనే వదిలేస్తున్నాడు. పగలంతా వాడు ట్రైనింగుకి పోతే ఇంట్లో నేనూ ఫ్యానూ. మొగల్తూరులో అయితే ఈపాటికి నువ్వు రెండుసార్లు వచ్చి పోయేదానివి.

వాడి సంగతి నీకు తెలుసుగా. డిప్లొమా అయ్యాక ఇక్కడే ఓ ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్ చేశాడు. ఏడాది అవ్వగానే సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నారు. వాడి చోట్లో ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నారు, ఆ కుర్రాణ్ణీ ఏడాదికి పంపేస్తారట. గవర్నమెంటు వాళ్ళు పిల్లలకి పని నేర్పమని పెట్టారంట. నేర్పడం మంచిదే, కాదనను. నేర్చుకున్నాక ఉంచుకోమని కూడా చెప్పాలి కదా? నాకు తెలిసింది తక్కువ, అయినా అడుగుతున్నాను. ఇప్పుడు మళ్ళీ ఉచిత ట్రైనింగులో చేరాడు. పైపులూ మీటర్లూ చూసే పని. అది అయ్యేసరికి కంపెనీల వాళ్ళే వచ్చి ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారన్నారు. కొడుకూ కోడలూ రొయ్యల చెరువులు వదిలి రాలేరు కనక వండిపెట్టడానికి నేనొచ్చాను.

ఇక అసలు సంగతి. నేను వచ్చిన కొత్తలో ఎదురింటి కుర్రాడు ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే వరలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ, పాపం వాళ్ళమ్మ ఊళ్ళో లేదండి. పెద్ద ముత్తైదువ, మీరు కాస్త ఎదురు రండి" అంది. బిందెతో నీళ్ళు పట్టుకుని ఎదురెళ్ళాను. వాడికి ఉద్యోగం వచ్చేసింది. తర్వాత చివరింటి అమ్మాయికీ వచ్చింది. అంతే, వీధంతా నన్నే పట్టుకుంది. గేటు ముందు బండి స్టార్ట్ చేసి "మామ్మగారూ, రెడీ అండి, రండి!" అని హారన్ కొడతారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే వెళ్ళాలి. ఒకడైతే "నాది ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అండి, ల్యాప్‌టాప్‌కి ఎదురు రండి" అన్నాడు, కొంటె వెధవ. వాడికీ వచ్చింది.

రానిదల్లా మన శీనుకే. వాడు వెళ్ళిన ప్రతిసారీ ఎదురెళ్ళింది నేనే. స్వీటు డబ్బాలు ఇంట్లో పేరుకున్నాయి సత్యా, ఒక్క ముక్క నా గొంతు దిగలేదు. అందరి పిల్లలూ మెళ్ళో ఐడీ కార్డులు వేసుకుని మా గుమ్మం ముందు నుంచే పోతుంటే కళ్ళు మండుతున్నాయి. కాళ్ళు నావి, బిందె నాది, నొప్పి నాది, ఉద్యోగాలు వాళ్ళవి. "మీ ఎదురు బయటవాళ్ళకే పనిచేస్తుందేమో పిన్నిగారూ" అని వరలక్ష్మి నవ్వుతూనే అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఆవిడ కొడుకు బాబీదీ మనవాడితో పాటే ట్రైనింగు. పోయిన శుక్రవారం ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఆఖరికి వీళ్ళిద్దరే మిగిలారు. ఉన్నది ఒక్క ఉద్యోగం. ఆవిడ ముందురోజే వచ్చి, పెళ్ళికి పిలిచినట్టు నాకు బొట్టు పెట్టి మరీ, "రేపు మా బాబీకి మీరే రావాలండి" అంది. సరే అన్నాను. మనసులో మాత్రం, శీనుకి ఎదురెళ్ళి వచ్చి, బాబీ బయల్దేరే వేళకి స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుందామనుకున్నాను.

తీరా చూస్తే ఇద్దరూ ఒకే బండి ఎక్కారు. బాబీ ముందు, శీను వెనక. నేనేం చెయ్యను? కాస్త పక్కగా జరిగి శీను మొహానికి ఎదురుగా వద్దామని చూశాను. బాబీ నన్ను తప్పించుకోవడానికి బండి అటే తిప్పాడు. నేనూ అటే జరిగాను.

"మామ్మా, ఎటొస్తున్నావ్? బండి తగుల్తుంది!" అని శీను కేక.

"మీ మామ్మగారు నాకు సైడు ఇవ్వట్లేదురా" అని బాబీ నవ్వు.

నీళ్ళు సగం నా చీర మీదే పోయాయి. ఉద్యోగం బాబీకే వచ్చింది.

శీను ఇంటికొచ్చి చొక్కా తగిలించి, "వాడు బాగా చెప్పాడు మామ్మా" అన్నాడు. అంతే. తర్వాత వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. ఇంకొక్క ఇంటర్వ్యూ ఉందట, అదీ పోతే వచ్చేసి చెరువుల మీద ఉంటానన్నాడు. రొయ్యలకి మేత చల్లడానికి ఇన్నేళ్ళ చదువెందుకు సత్యా?

సోమవారం బాబీ డ్యూటీలో చేరాడు. నేను తలనొప్పని ముసుగుపెట్టుకున్నాను. శీనే బిందె నింపి తెచ్చి నా పక్కన పెట్టి, "లే మామ్మా, వాడికి టైమవుతోంది" అన్నాడు.

"నీకు ఒళ్ళు మండట్లేదేంట్రా?"

"మండుతోంది. నువ్వు రాకపోతే వాళ్ళమ్మ ఏడుస్తుంది, లే."

లేచాను. వెళ్ళాను. నవ్వు మొహం కూడా పెట్టాను. ఎలా పెట్టానో నాకే తెలియాలి.

అందుకే నీకు రాస్తున్నాను. ఆ ఆఖరి ఇంటర్వ్యూ వచ్చే వారం శుక్రవారం. మీ మనవరాలు బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఎదురొచ్చింది నువ్వే. ఆ కబురు నువ్వు చెప్పినప్పుడు చాలా సంతోషమే అన్నాను, ఆ పూట అన్నం తినలేదు. ఏమీ అనుకోకు. గురువారం సాయంత్రానికల్లా బస్సెక్కి వచ్చేయి. మంచం నీకిచ్చి నేను కింద పడుకుంటాను. వస్తూ వస్తూ కాస్త చింతచిగురు తీసుకురా, పప్పులో వేస్తే వాడు ఓ ముద్ద ఎక్కువ తింటాడు. తెల్లారాక వాడికి నువ్వు ఎదురెళ్ళు. నేను వంటింట్లో తలుపేసుకుంటాను. వాడు వీధి మలుపు తిరిగేదాకా వాడి కంట పడను.

వరలక్ష్మి అడిగితే అక్కని చూడ్డానికి వచ్చానను. ఉద్యోగం లేని పిల్లలు ఈ వీధిలో ఇంకా చాలామంది ఉన్నారు, తెలిసిందంటే నిన్ను వదలరు. ఎవరు గేటు దగ్గర హారన్ కొట్టినా బయటికి వెళ్ళకు.

మరిదిగారిని అడిగానని చెప్పు. పిల్లలకి ఆశీస్సులు. పెద్దపిన్నికి నా దణ్ణాలు చెప్పి, శీను పేరు తలుచుకుని ఓ అక్షింత వెయ్యమను.

మనవాడికి కుదిరాక నీ ఇష్టం, ఎవరికైనా వెళ్ళు. అంతవరకూ నీ ఎదురు వాడొక్కడికే.

నీ కోసం గుమ్మంలో చూస్తుండే అక్క,
రత్నం