మూట మునిగింది

చెల్లె సుగుణకు, తెల్లాపూర్ నుంచి అక్క రాయునది.

ఫోన్లో చెబితే కోడలు వింటుంది, అందుకే ఈ ఉత్తరం.

"అమ్మా, వేడినీళ్ల గుండంల మునిగితే నీ మోకాళ్ల నొప్పులు పోతయి" అని రాకేశ్ నన్ను హిమాచల్ కొండలకు కారులో తీసుకుపోయాడు. డేరా వేసిన ప్రతిచోటా వాడి ఆఫీసు దోస్తులకు వంట నేనే చేశాను. స్నానాల గుండం పక్కనే నీళ్లు సలసల మరిగే ఇంకో గుండం ఉంది, దాంట్లో బియ్యం మూటగట్టి వేస్తే అన్నం ఉడుకుతుంది. ఆ మూటా నేనే కట్టాను. అందరూ స్నానాలకు దిగుతూ, "జర పట్టుకో, ఇప్పుడే వస్తం" అని మనవరాలిని నా చేతుల్లో పెట్టారు. వాళ్లు పైకొచ్చేసరికి బయల్దేరే వేళయింది. మూట మునిగింది, నేను మునగలేదు.

వాడు మన వాట్సాప్ గ్రూపులో "అమ్మ కోరిక తీర్చిన" అని ఫొటో పెట్టాడు. నువ్వు దాని కింద దండం బొమ్మ పెట్టావు.

ఆ దండం తీసెయ్యి చెల్లె.