సైరన్ దగ్గర ఆగిన పాట

వదినా, ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లి ఏడాది దాటింది.

ముందుగా ఒక ప్రకటన. ఇందుమూలంగా కిరండుల్ ఇనుపగని క్వార్టర్ల వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, మా వదినగారి పెద్ద స్టీలు గరిట మాయమైన కేసు ఇంతటితో మూసివేయబడినది. దొంగ దొరకలేదు. అనుమానితుడు ఒక్కడే, అతడే ఈ ప్రకటన రాస్తున్నాడు.

ఇక అసలు సంగతి. మీ పాటలు బయటికొచ్చాయి వదినా. నీ గొంతు, అన్నయ్య పియానో, అంతే... డోలు లేదు, గిటారు లేదు. అన్నయ్య వాటిని జాజ్ బల్లాడ్లు అంటాడు. తెలుగు పాటను అంత నెమ్మదిగా, చెవిలో చెప్పినట్టు పాడొచ్చని ఈ ఊరికి నువ్వే చూపించావు. నేను మాత్రం పాటకో కునుకు తీసేవాణ్ని. "ఏమయ్యా, గురక పెడితే పెట్టావు, కాస్త శ్రుతిలో పెట్టు" అనేదానివి. గుర్తుందా?

చివరి పాట దగ్గరే చిక్కొచ్చింది. ముందుగదిలో కిటికీలకు బొంతలు కట్టి మీరు రికార్డు చేస్తుంటే, సగం చరణంలో సైరన్ మోగింది, కొండ మీద బ్లాస్టింగ్‌కి. నువ్వు అలవాటుగా ఆగిపోయావు. అన్నయ్య చేతులూ ఆగాయి. ఇద్దరూ ఎదురుచూశారు. కొండ ఢామ్మంది, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నువ్వు ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకున్నావు. ఇంకోసారి పాడదాంలే అనుకున్నారు. ఆ ఇంకోసారికి నువ్వు లేవు.

అన్నయ్య మొండికేశాడు. మధ్యలో ఆగిన పాట నలుగురికీ వినిపిస్తే నీ పరువు పోతుందట. అది లేకుండా మిగతావి ఇవ్వడానికి మనసొప్పదట. కాబట్టి ఏదీ ఇవ్వడట. పియానో మీద దుప్పటి కప్పేశాడు. దాని మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంటే నాకు ఒళ్లు మండింది... నీ గొంతు కూడా ఆ దుప్పటి కిందే ఉండిపోవాలా?

అప్పుడు, నువ్వు ఆసుపత్రిలో నాతో అన్న మాట బయటపెట్టాను. "ఆ పాటను కదిలించొద్దని మీ అన్నకి చెప్పు. ఆగాల్సిన చోట ఇద్దరం కలిసే ఆగాం కదా."  అన్నయ్య లేచి దుప్పటి తీసి, నా కొత్త తువ్వాలుతో పియానో తుడిచాడు.

మొన్న ఆదివారం క్లబ్బులో అందరికీ వినిపించాం. పాటలో సైరన్ రాగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎదురింటి దీదీది హల్బీ భాష, తెలుగు ముక్క రాదు. ఆమె కూడా టీ కప్పును గట్టిగా పట్టుకుంది, బల్ల అదిరి ఒలుకుతుందేమోనని. ఢామ్మన్నాక నీ గొంతు వచ్చింది. నవ్వారు వదినా, అందరూ ఒక్కసారే... ఊరెళ్లిన మనిషి గుమ్మంలో కనబడితే నవ్వినట్టు. అన్నయ్యా నవ్వాడు.

ఇప్పుడు రోజూ వాయిస్తున్నాడు. నేను రోజూ నిద్రపోతున్నాను.

ఒక్క సంగతి. ఆసుపత్రిలో నువ్వు నాతో అలాంటిదేమీ అనలేదు. ఆ రోజు నువ్వు అడిగింది చెంచాడు ఆవకాయ. మిగతాదంతా నా కల్పనే. అన్నయ్యతో ఎప్పటికీ చెప్పను... నువ్వూ చెప్పకు.

నీ మరిది