గాజు పళ్ళెంలో తేట

ఇంటి యజమానురాలికి, నేనూ అమ్మాయీ కులాసా. నిన్న తన ల్యాబు చూపించింది. ఏ మందుకూ చావని క్రిములు గాజు పళ్ళెం నిండా తెట్టులా పేరుకుని ఉన్నాయి. మన పిల్ల కనిపెట్టిన మందు పెట్టిన చోట మాత్రం చుట్టూ అవి చచ్చి, గుండ్రంగా తేటపడింది. ఇన్నేళ్ళకు ఇదే మొదటిసారట. నేను సంతోషంతో చప్పట్లు కొట్టేశాను. అదేమో, “ఒక్కసారి చాలదు నాన్నా, మళ్ళీ చెయ్యాలి” అంటూ కొత్త పళ్ళేలు ముందేసుకుంది. మొండిఘటం, అచ్చం నీ పోలికే.

పెరటి కుళాయి బాగుచేయించావా? కాలి పుండు తగ్గుముఖం పట్టిందని మాత్రలు ఆపేశానని రాశావు. ఆ మాట అమ్మాయికి చెప్పగానే, “సగంలో ఆపితే మిగిలిన క్రిములు మొండికేస్తాయి. నేనిక్కడ చంపుతుంటే అమ్మ అక్కడ పెంచుతోందా?” అంది. డాక్టరు దగ్గరికి ఇవాళే వెళ్ళు. ఆయన చెప్పినన్నాళ్ళూ మింగు. మీ తల్లీకూతుళ్ళ మొండితనం నూరేళ్ళు వర్ధిల్లాలి, మాత్రల దగ్గర తప్ప.

మీ ఆయన