నీ ఫొటో మీద సాలెపురుగు

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. పొద్దుటినుంచీ బూజు దులుపుతున్న అమ్మ నీ ఫొటో దగ్గర ఆగి, "ఏమే, ఇది నువ్వు దులుపు" అని వంటింట్లోకి పోయింది.

చూస్తే, దండ పక్కన అరచెయ్యంత సాలెపురుగు! పొట్టకింద తెల్లటి గుడ్ల సంచి. రెండడుగులు వెనక్కి గెంతాను. నువ్వుంటే అన్నం వదిలేసి కెమెరా తెచ్చేవాడివి. అందుకే చీపురు పక్కనపెట్టి, నువ్వు నరసరావుపేట పెళ్ళిళ్ళకి మోసుకెళ్ళిన కెమెరానే తీశాను. "మీదికి పోతే ఫోకస్ అవదే. వెనక్కి జరిగి జూమ్ చెయ్. నీలాంటి పిరికిదానికే ఈ లెన్సు" అనేవాడివిగా. ఎదురుగోడకి ఆనుకునేదాకా జరిగాను. జూమ్ తిప్పితే దాని కాళ్ళ మీది వెంట్రుకలు కూడా కనిపించాయి. చానా భయమేసి కొంచెం వెనక్కి తిప్పాను. నీ మొహం కూడా లోపలికొచ్చింది.

ఊపిరి బిగబట్టి బటన్ సగం నొక్కాను. మనిషి మొహం దొరికితే ఆ కెమెరాకి ఇంకేదీ పట్టదు కదా. సాలెపురుగుని వదిలేసి, నీ మొహం చుట్టూ పచ్చటి బాక్స్ గీసింది. నువ్విప్పుడు కదులుతావేమో అన్నట్టు అక్కడే కాచుక్కూర్చుంది. కెవ్వుమన్నాను.

సాలెపురుగు నీ ఫొటో వెనక్కి దూరిపోయింది. అమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏందే, కరిచిందా?" అంది.

కరిచిందనే చెప్పాను.