బొడ్రాయి పెట్టినాయన పేరు

తమ్ముడు మొండయ్యకు సౌదీలోని ఉనైజా నుంచి అన్న గంగారాం దీవెనలు. ఒంట్లో బాగానే ఉంది, మనసే నిలకడగా లేదు.

మా ఖర్జూరం తోటలో నీటి పైపులు చూడడానికి ఒక ముసలి అమెరికాయన వచ్చాడు. వాళ్ల కౌంటీ, అంటే మన తాలూకా లాంటిది, అందులోని ఊళ్ల చరిత్రను పుస్తకంగా రాస్తున్నాడు. అక్కడ డ్యాం కింద మునిగిన ఒక పల్లెలో బావి తవ్విన కూలీ పేరు కూడా రాసిపెట్టాడు. మన ఊరూ అట్లే మునిగిందని డ్రైవర్ లింబాద్రి చెప్పేసరికి నోటుబుక్కు తీశాడు.

"కాకా, మీ ఊరు పుట్టినప్పుడు నడిమిట్ల బొడ్రాయి ఎవలు పెట్టిండ్రని అడుగుతుండు. సిగ్గువడకు, చెప్పు" అన్నాడు లింబాద్రి.

అందరూ నన్నే చూస్తుంటే "మా తాత" అనేశాను.

"అబ్బో, పెద్దింటోనివే కాకా!"

అమెరికాయన రాసేసుకున్నాడు. అది అచ్చవుతుంది.

పెట్టింది మన ఊరి ముసలి లస్మవ్వ వాళ్ల తాత. మన తాత ఆ రోజు నీళ్లు మోశాడు, అంతే. లస్మవ్వ తాత పేరు మనిద్దరికీ తెలియదు, ఇప్పుడు చెప్పగలిగేది లస్మవ్వ ఒక్కతే. ఫోన్లో చెబితే నవ్వుతావని, సెలవు మీద వస్తున్న లింబాద్రి చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

ఆమెకు దగ్గు తగ్గిందా? ఊరు మునిగాక మనకిచ్చిన కాలనీలో నల్లా వస్తున్నదా? ఆమె దగ్గర కూర్చొని ముందు నా తప్పు చెప్పు, తిట్టనివ్వు. తర్వాత పేరు అడిగి ఆ రోజే ఫోన్ చెయ్యి. అమెరికాయన నెలాఖరుకు వెళ్లిపోతాడు. వాళ్ల భాషలో చెప్పడానికి లింబాద్రి ఇక్కడ ఉండడు కనుక, మన తాతను కొట్టేసి ఆ పేరు రాయమని నేనే నోరు తెరిచి అడగాలి.

పిల్లలు చల్లగా ఉండాలి. లస్మవ్వకు నా దండం.