మిల్వాకీ కారులో ముందు సీటు

మార్లా, పొయ్యి మీద బంగాళాదుంప సూపు ఉంది, వేడి చేసుకుని తిను. పిల్లి ఆకలని ఏడిస్తే నమ్మకు, ఇప్పటికే రెండుసార్లు పెట్టాను. శుక్రవారం కదా, నేను చర్చిలో చేపల విందుకి వెళ్తున్నాను.

ఫ్రిజ్ మీద నువ్వు అంటించిన మిల్వాకీ ప్రయాణం కాగితం చూశాను. రెండు రోజుల్లో ఐదుచోట్ల బీరు రుచి చూస్తారట, బాగానే ఉంది. తోడు మాత్రం మీ అమ్మమ్మ లొరేన్! పొద్దున్నే ఫోను చేసి, "వదినా, ముందు సీటు నాకేనట, మోకాళ్ళ నొప్పి కదా" అంది. నా మోకాళ్ళేమన్నా చెక్కతో చేశారా? ఆవిడ బీరులో ఐసు వేసుకునే మనిషి!

నీ కాగితంలో మూడోది, ఆ ఎర్ర ఇటుకల భవనం, నేను పంతొమ్మిదేళ్ళు బీరు సీసాలు నింపిన చోటు. పదింటికి గంట కొట్టగానే పనివాళ్ళందరికీ తలో గ్లాసు ఊరికే పోసేవాళ్ళు. ఆ గ్లాసు కోసం నిలబడ్డ వరుసలోనే మీ తాతయ్య నన్ను మొదటిసారి పలకరించాడు. నువ్వు అడిగుంటే చెప్పేదాన్ని. అడగలేదు.

సరే, వెళ్ళిరండి. నాకేం కష్టంగా లేదు.

మీ నాయనమ్మ

ఇంకోమాట. వాకిట్లో ఉన్న నీ కారు ముందు సీటులో నా నీలం కోటు పెట్టి, బెల్టు కూడా బిగించాను. తీయకు.